ఎన్‌ఐడబ్ల్యూ పిటిషన్ మన చేత్తో మనమే – పాఠం 4: ఎండెవర్ పేరా రాయడం

ఎన్‌ఐడబ్ల్యూ అంటే నేషనల్ ఇంట్రెస్ట్ వైవర్, యజమాని జాబ్ ఆఫర్ లేకుండా దేశ ప్రయోజనం చూపి మనమే గ్రీన్‌కార్డ్‌కి వేసుకునే దారి. పోయిన పాఠంలో దానికి కావాల్సిన డిగ్రీ సంగతి తేల్చుకున్నాం. మాస్టర్స్ ఉండాలి, లేదా బ్యాచిలర్స్ తర్వాత అదే రంగంలో బాధ్యతలు పెరుగుతూ వచ్చిన ఐదేళ్ల అనుభవం ఉండాలి. అమెరికాలో మీరు చేయబోయే పనికీ ఈ అర్హతకీ సంబంధం ఉండాలని 2025 జనవరిలో అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ తన పాలసీ మాన్యువల్‌లో స్పష్టం చేసింది కూడా. ఈ పాఠంలో ఆ ‘చేయబోయే పని’ గురించే. దాన్ని ప్రపోజ్డ్ ఎండెవర్ అంటారు. పిటిషన్ మొత్తం ఈ ఒక్క పేరా మీదే నిలబడుతుంది. లాయర్‌ని పెట్టుకున్నా సరే, దీని మొదటి డ్రాఫ్ట్ మీ చేత్తోనే రాయండి. మీ పని మీకు తెలిసినంతగా ఆయనకు తెలియదు.

నాకు తెలిసిన ఒక తమ్ముడు ట్రాన్స్‌ఫార్మర్ల మీద రీసెర్చ్ చేస్తాడు. అతను పంపిన మొదటి డ్రాఫ్ట్ ఇది:

“నేను ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న ఎలక్ట్రికల్ ఇంజినీర్‌ని. విద్యుత్ రంగం అమెరికాకు చాలా ముఖ్యం. నా నైపుణ్యంతో ఈ రంగానికి సేవ చేస్తాను.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఇది ఆర్‌ఎఫ్‌ఈని (ఇంకా రుజువులు పంపమని అడిగే నోటీసుని) పిలిచి తెచ్చుకునే పేరా. మొదటి వాక్యం రెజ్యూమెలో ఉండాల్సింది. రెండోది రంగం గొప్పతనం చెబుతోంది, ఇతని పని గొప్పతనం కాదు. మూడో వాక్యం కింద ఏ ఇంజినీరైనా సంతకం పెట్టేయొచ్చు.

ఈ తేడా ఎంత లోతైందో తెలియాలంటే 2016 డిసెంబర్ 27న యూఎస్‌సీఐఎస్ అప్పీళ్ల విభాగం ఇచ్చిన మ్యాటర్ ఆఫ్ ధనసర్ తీర్పు చదవాలి. ఎన్‌ఐడబ్ల్యూ ఇవ్వాలా వద్దా అని చూసే ఇప్పటి మూడు ప్రాంగ్‌లూ (షరతులూ) అందులోంచే వచ్చాయి. ఒకటి, తలపెట్టిన పనికి విలువ, జాతీయ ప్రాముఖ్యం ఉండాలి. రెండు, ఆ పనిని ముందుకు తీసుకెళ్లే స్థితిలో మీరు ఉండాలి. మూడు, జాబ్ ఆఫర్, లేబర్ సర్టిఫికేషన్ (ఆ ఉద్యోగానికి అమెరికాలో తగినవాళ్లు దొరకలేదన్న కార్మిక శాఖ ధ్రువీకరణ) అక్కర్లేదని మినహాయించడం అన్నీ బేరీజు వేసి చూస్తే దేశానికి మేలుగా ఉండాలి. ఆ పిటిషనర్ ఏరోస్పేస్ రంగంలో హైపర్‌సోనిక్ ప్రొపల్షన్ మీద పరిశోధన చేస్తూ యూనివర్సిటీలో పాఠాలు కూడా చెప్పేవారు. పరిశోధనకు జాతీయ ప్రాముఖ్యం ఉందని తీర్పులో ఒప్పుకున్నారు. పాఠాలు చెప్పడం విలువైనదే అన్నారు గానీ, దాని ప్రభావం తన విద్యార్థులను దాటి ఆ రంగం మొత్తానికి ఎలా చేరుతుందో చూపలేదని దానికి జాతీయ ప్రాముఖ్యం ఇవ్వలేదు. ఒకే మనిషి, ఒకే ఫైలు, రెండు పనులు, రెండు జవాబులు! ఈ తీర్పు నేను ఎన్నిసార్లు చదివినా ఆ పేజీ దగ్గర ఆగిపోతాను.

కాబట్టి అధికారి వెతికేది, మీ పని మీ యజమాని గేటు దాటి ఎక్కడికి వెళ్తుందన్నది.

తమ్ముడితో ఫోన్లో గంటసేపు కూర్చున్నాం. “సోమవారం పొద్దున ల్యాబ్‌కి వెళ్లగానే ముందు ఏం చూస్తావు?” అని అడిగాను.

“ఆయిల్ రీడింగ్స్ అన్నా.”

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఏదైనా పాడవుతుంటే నూనెలో వాయువులు కరుగుతాయి. ఎసిటిలీన్ కనిపిస్తే లోపల ఆర్కింగ్ (విద్యుత్ మెరుపులా దూకడం) అవుతోందని అనుమానించాలి. హైడ్రోజన్ పెరిగితే పార్షియల్ డిశ్చార్జ్ (ఇన్సులేషన్‌లో చిన్నచిన్న విద్యుత్ లీకులు) కావచ్చు. ఆ అంకెలు మారే తీరును బట్టి లోపాన్ని ముందే పసిగట్టే పద్ధతి అతను తయారుచేస్తున్నాడు. ఇంత మంచి సంగతి డ్రాఫ్ట్‌లో ఒక్క ముక్క కూడా లేదు!

“మీ కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్లకే పనికొస్తుందా?”

కాసేపు ఆలోచించాడు. “లేదన్నా, ఏ తయారీదారు ట్రాన్స్‌ఫార్మర్‌కైనా వాడొచ్చు. పద్ధతి మొత్తం పేపర్‌గా వేశాం కదా.”

పేరా అక్కడ దొరికింది. తిరగరాశాక ఇలా వచ్చింది:

“పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో కరిగిన వాయువులను నిరంతరం కొలిచి, లోపాన్ని ముందే గుర్తించే పద్ధతిని అభివృద్ధి చేస్తాను. తయారీదారుతో సంబంధం లేకుండా ఏ విద్యుత్ సంస్థైనా వాడుకునేలా దాన్ని పరీక్షించి, ఫలితాలు ప్రచురిస్తాను. ఈ ట్రాన్స్‌ఫార్మర్లు చాలావరకు ఆర్డర్ మీద చేయించుకునేవి, ఒకటి పోతే ఇంకొకటి రావడానికి చాలాకాలం పడుతుంది. కాబట్టి ఉన్నవాటిని కాపాడుకోవడం గ్రిడ్‌కు అవసరం.”

అధికారి ఇంజినీర్ కాకపోవచ్చు. అయినా ఇది అర్థమవుతుంది.

తర్వాతి పని, ప్రతి వాక్యం పక్కన దానికి రుజువు ఏదో పెన్సిల్‌తో రాసుకోవడం. మొదటి రెండు వాక్యాలకు పేపర్లు, ఆ పద్ధతిని తాము ఎలా వాడారో చెప్పే బయటి నిపుణుల లేఖలు. మూడో వాక్యానికి ప్రభుత్వ పత్రాలు. ఉదాహరణకు 2022 జూన్‌లో అధ్యక్షుడు బైడెన్ ట్రాన్స్‌ఫార్మర్లు, గ్రిడ్ పరికరాల తయారీ పెంచడానికి డిఫెన్స్ ప్రొడక్షన్ యాక్ట్ కింద ఇంధన శాఖకు అధికారం ఇచ్చారు. అలాంటిది జత చేస్తే బలం. కానీ అది రంగానికి రుజువే. దానికీ మీ పద్ధతికీ ముడి మీరే వేయాలి. రుజువు దొరకని వాక్యాన్ని కొట్టేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది వెయిటింగ్ గురించి. ఎన్‌ఐడబ్ల్యూ ఈబీ-2 అనే గ్రీన్‌కార్డ్ కేటగిరీలోనే ఉంటుంది, అందుకని భారత్‌లో పుట్టినవాళ్లకు ఆ పదేళ్లు దాటిన క్యూ తప్పదు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమం దీనికీ వర్తిస్తుంది. అయినా నేను వేయమనే చెబుతాను. ఐ-140 (ఈ పిటిషన్ ఫారం) మీ పేరు మీద మీరే వేసుకున్నది. ఉద్యోగం పోయినా అది యజమాని చేతిలో ఉండదు. అప్రూవ్ అయితే ప్రయారిటీ డేట్ (క్యూలో మీ స్థానాన్ని చెప్పే తేదీ) మీదే. హెచ్-1బీ ఆరేళ్లు దాటాక మూడేళ్ల చొప్పున పొడిగించుకోవడానికి కూడా ఆ అప్రూవల్ ఉపయోగపడుతుంది. లేఆఫ్ టెన్షన్‌లో రాత్రుళ్లు నిద్రపట్టని ఇళ్లు నేను చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

అభ్యాసం: మీ పేరా ఐదు వాక్యాలకు మించకుండా రాయండి. అందులో మీ కంపెనీ పేరు, మీ హోదా, ‘అనుభవం’ అనే మాట ఉండకూడదు. రాశాక ఇంజినీర్ కాని ఇంట్లోవాళ్లకు చదివి వినిపించి, మీరు ఏం చేయబోతున్నారో వాళ్ల మాటల్లో చెప్పమనండి. ఎక్కడ తడబడ్డారో ఆ వాక్యం కింద గీత గీసుకోండి. పాఠం 5లో సిఫారసు లేఖలు అడగడం మొదలుపెట్టేది ఆ గీతల దగ్గర్నుంచే.