ప్రింటర్‌ని గోడ స్విచ్‌తో ఆపొద్దు

ఇంక్ ట్యాంక్ ప్రింటర్లో అడంగల్ తీస్తే అక్షరాల మధ్య తెల్ల గీతలు పడుతున్నాయా? ఇంక్ మార్చే ముందు, రాత్రి షాపు మూసేటప్పుడు ప్రింటర్ని ఎలా ఆపుతున్నారో చూసుకోండి. ప్రింటర్ మీదున్న బటన్ నొక్కితే హెడ్ (కాగితం మీద ఇంక్ చిమ్మే భాగం) పక్కకు, చాలా మోడళ్లలో కుడి చివరకు, వెళ్లి రబ్బరు క్యాప్ మీద కూర్చుంటుంది. లైటు పూర్తిగా ఆరాకే బోర్డు స్విచ్ కట్టేయాలి. ప్రింటు మధ్యలో కరెంటు పోతే హెడ్ దారిలోనే ఆగిపోయి, గాలి తగిలి నాజిళ్లలో (ఇంక్ బయటికొచ్చే సన్నని రంధ్రాల్లో) ఇంక్ ఎండిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే తుపాను కబురు రాగానే బటన్‌తో ఆపి ప్లగ్ తీసేయండి. ఇంక్‌జెట్ తినే కరెంటు తక్కువే, కంప్యూటర్ యూపీఎస్ దాన్ని హాయిగా మోస్తుంది.

గీతలు వచ్చేశాయనుకోండి. నాజిల్ చెక్ (నాజిళ్లన్నీ పనిచేస్తున్నాయో చూపే పరీక్ష పేజీ) తీసి ఆ కాగితం దాచండి. ఒకసారి హెడ్ క్లీనింగ్ (ప్రింటరే ఇంక్ పారించి హెడ్ శుభ్రం చేసుకోవడం) చేసి మళ్లీ చెక్ తీసి, రెండూ పక్కపక్కన పెట్టండి. ఖాళీ అదే చోట ఉంటే ఇంక్ గడ్డకట్టినట్టు. ప్రతిసారీ చోటు మారుతుంటే గొట్టంలో గాలి చేరినట్టు. ముందు ట్యాంకులో ఇంక్ కింది గీత దాటి దిగిందేమో చూడండి. మూడుసార్లకు మించి క్లీనింగ్ వద్దు. ప్రతిసారీ ఇంక్ లోపల వృథా ఇంక్ పీల్చుకునే వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, ప్యాడ్ నిండితే ప్రింటర్ మొరాయిస్తుంది. ఆపి 12 గంటలు వదిలేయండి. ఎండిన ఇంక్ చాలాసార్లు తనంతట తానే నానుతుంది.

అప్పటికీ రాకపోతే ప్రింటర్ ఆన్ చేసి, హెడ్ క్యాప్ దాటి కదలగానే ప్లగ్ లాగండి. క్యాప్‌లోని స్పాంజి మీద నాలుగైదు చుక్కల డిస్టిల్డ్ వాటర్ వేసి, ప్లగ్ పెట్టి ఆన్ చేయండి. హెడ్ వచ్చి క్యాప్ మీద కూర్చున్నాక బటన్‌తో ఆపి రాత్రంతా ఉంచండి. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, అందులోని ఉప్పు నాజిళ్లలోనే పేరుకుంటుంది.

సముద్రగాలికి కాగితం చెమ్మ పీల్చి రెండేసి లాగుతుంటే, విప్పిన రీమ్‌ను పాలిథిన్ కవరులో కట్టిపెట్టండి. ట్రేలో పెట్టేముందు అంచులు విదిలించండి. కాగితం అసలు లాగకపోతే తడిపి పిండిన గుడ్డతో రోలరు తుడిస్తే చాలు.

పని లేకపోయినా వారానికోసారి నాలుగు రంగులూ ఉన్న పేజీ ఒకటి తీయండి.