నీడలో తెల్ల కమేలియా – మూడో పాఠం: మట్టి, నాటడం, నీళ్ళు

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. కమేలియా పూలమొక్క పెడదామనుకున్న చోట పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఎండ ఎక్కడ పడుతోందో ఒక ఆదివారం చూసి రాసుకోమన్నాను. చూసినవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది, బెంగళూరులో మన 30×40 అడుగుల సైట్లలో ఇంటికీ కాంపౌండ్ గోడకీ మధ్య ఉండే ఆ సందు, ఏమీ పెరగదని పాత బకెట్లు పెట్టుకునే చోటు, కమేలియాకి చాలావరకు సరిపోతుంది. పొద్దుటి ఏటవాలు ఎండ కాసేపు తగిలినా ఫర్వాలేదు. మిట్టమధ్యాహ్నం ఎండ మాత్రం వద్దు, తెల్ల పూలకి అసలు వద్దు, ఎందుకంటే ఎర్ర పూలలో కనపడని మాడు తెల్ల రేకు మీద టీ మరకలాగా కనపడిపోతుంది. అలాగని పైన ఆకాశమే కనపడనంత చీకటి సందు అయితే ఆకులు వస్తాయి, పూలు రావు.

మొక్కల్లో మనం అనుకున్నవి రెండు. ఒకటి నూచియోస్ జెమ్, కమేలియాల్లో జపోనికా అనే జాతిది, రేకు మీద రేకు పేర్చినట్టు ముద్దగా పూస్తుంది, ముద్ద నందివర్ధనాన్ని అరచేయంత చేస్తే ఎలా ఉంటుందో అలాగ. రెండోది మినే-నో-యుకి, ససాంక్వా అనే జాతిది, జపాను భాషలో ఆ పేరుకి శిఖరం మీది మంచు అని అర్థం. పూలు చిన్నవి, కొమ్మలు కిందకి వాలి పరుచుకుంటాయి, వేడికి జపోనికా కంటే కాస్త బాగా తట్టుకుంటుంది. మొదటిసారి పెంచేవాళ్ళు రెండోదానితో మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. ఊటీ, కూనూరుల్లో లాగా ఇక్కడ విరగబూస్తుందని మాత్రం ఆశపెట్టుకోకండి, ఇక్కడ పూసిన ప్రతి పువ్వూ మనం సంపాదించుకున్నదే.

ఇక మట్టి. కమేలియా తేయాకు చెట్టుకి దాయాది, రెండూ ఒకే ప్రజాతి. టీ తోటలు ఎలాంటి మట్టిలో ఉంటాయో దీనికీ దాదాపు అలాంటిదే కావాలి: పులుపు గుణం ఉన్న మట్టి, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత, 7 కంటే తగ్గితే పులుపు) 5.5 నుంచి 6.5 మధ్య, తడి నిలుపుకోవాలి కానీ నీళ్ళు నిలవకూడదు. మన నర్సరీల్లో దొరికే ఎర్రమట్టి ఒక్కటే నింపితే నెల తిరిగేసరికి ఇటుకలా గట్టిపడుతుంది. నేను కలిపేది ఇలా: ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ రెండు వంతులు, బాగా కుళ్ళిన ఆకుల ఎరువు ఒక వంతు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల పలుకులు) ఒక వంతు. కోకోపీట్‌ని తప్పకుండా రెండుసార్లు నానబెట్టి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది. కుండీ మరీ పెద్దది వద్దు, ఇప్పుడున్న సంచి కంటే రెండు మూడు అంగుళాలు వెడల్పు ఉంటే చాలు. పెద్ద కుండీలో వేరు చేరని మట్టి తడిగానే ఉండిపోయి కుళ్ళు మొదలవుతుంది.

నాటేటప్పుడు తొందరపడకండి. సంచి కోసి వేళ్ళ ముద్దని చేతిలోకి తీసుకోండి. కొండల నుంచి వచ్చిన మొక్కలకి లోపల ఒకరకం మట్టి, పైన దారిలో ఎవరో అద్దిన జిగట మట్టి ఉండడం నేను చూశాను. పైన పోసిన నీళ్ళు ఆ జిగట మట్టి మీదుగా జారి కిందకి పోతాయి, లోపలి ముద్ద పొడిగానే ఉంటుంది. అలా ఉంటే వేళ్ళ ముద్దని బకెట్ నీళ్ళలో పావుగంట ఉంచి, మెత్తబడిన జిగటని చేతివేళ్ళతో మెల్లగా రాల్చేయండి. చుట్టలు చుట్టుకున్న వేళ్ళుంటే కొనలు విప్పండి. కుండీలో పెట్టాక వేళ్ళ ముద్ద పైభాగం మట్టి మట్టం కంటే ఒక వేలు మందం పైకి ఉండాలి. కిందకి కూరుకుపోతే కమేలియా ఊపిరాడక మెల్లగా చస్తుంది, దాని వేళ్ళు పైపైనే ఉంటాయి. పైన రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళు ఖాళీ వదలండి. నాటడానికి జూన్, జూలై మంచివి, మబ్బు ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది.

ఇప్పుడు నీళ్ళు, ఈ పాఠంలో నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. బెంగళూరులో కమేలియా పోయిందని ఎవరు చెప్పినా ఎండల వల్లే అంటారు. నా మొదటి మొక్కకి నేనూ అలాగే భయపడ్డాను. కానీ అది ఏప్రిల్ ఎండలకి చలించలేదు, జూలైలో, చల్లగా మబ్బు పట్టి ఉన్న రోజుల్లో, కొత్త ఆకులు పసుపు రంగుకి మారడం మొదలైంది. ఒక ఆకు తెంపి కిటికీ దగ్గర వెలుగుకి పట్టి చూశాను. ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య అంతా నిమ్మపండు రంగు, వల పరిచినట్టు. పాత ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. అప్పుడు లెక్క వేసుకుంటే తేలింది, ఫిబ్రవరి నుంచి మే దాకా మా సంపులోకి వచ్చినవి ట్యాంకర్ నీళ్ళే, అంటే బోరు నీళ్ళు. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే సున్నం రోజూ ఒక చెంబు చొప్పున నాలుగు నెలలు కుండీలోకి వెళ్ళింది. మట్టి పులుపు పోయి క్షారం అయ్యాక అందులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కంచంలో అన్నం ఉంది, నోటికి అందదు.

కాబట్టి ముందు పీహెచ్ పట్టీలు కొనుక్కోండి, ఎరువుల కంటే ముందు. మీ కుళాయి నీళ్ళు, సంపు నీళ్ళు విడివిడిగా చూడండి. వాన నీళ్ళకి మించింది లేదు, మేడ మీది నీళ్ళు పట్టే డ్రమ్ము ఉంటే సగం పని అయిపోయినట్టే. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళలో సున్నం ఉండదు, పట్టి పెట్టుకుని పోయండి. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం వృథా అవుతున్నాయి కదా అని దీనికి పోయకండి, వడకట్టగా మిగిలిన లవణాలన్నీ చిక్కగా వాటిలోనే ఉంటాయి. బోరు నీళ్ళు తప్ప దిక్కులేకపోతే బకెట్‌లో తెల్ల వెనిగర్ చెంచా చెంచాగా కలుపుతూ, పట్టీ 6 చూపించగానే ఆపి, అవి పోయండి. ఆకులు అప్పటికే పసుపు రంగుకి మారి ఉంటే చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగల రూపంలోని ఇనుము) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో నీళ్ళలో కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి. కొత్తగా వచ్చే ఆకుల్లో తేడా కనపడుతుంది.

ఎంత పోయాలి అంటే గ్లాసులతో చెప్పలేను. వేలు రెండో కణుపు దాకా దించండి, పైన పొడిగా, కొన దగ్గర చల్లగా ఉంటే పోసే వేళ అయిందని. పోస్తే అడుగు బొక్కలోంచి కారేదాకా పోయాలి, కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయాలి. ఒకరోజు బాగా ఎండబెట్టి మర్నాడు ముంచెత్తడం దీనికి అన్నిటికంటే చేటు, మొగ్గలు రాలడానికి పెద్ద కారణం అదే.

నాటాక ఎరువు రెండు నెలల దాకా వద్దు. ఇంకోటి, అమ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడల్లా గులాబీలకి వేసినట్టే దీనికీ కోడిగుడ్డు పెంకులు, పొయ్యి బూడిద వేసేది, ప్రేమతోనే. రెండూ మట్టిని క్షారం వైపే తోస్తాయి. ‘అమ్మా, దీనికి పులుపు కావాలి’ అన్నాక ‘ముందే చెప్పకపోయావా, చింతచెట్టు కింద మట్టి తెచ్చేదాన్ని కదా’ అంది. గోడకి సున్నం కొట్టించేటప్పుడు, సిమెంటు పని జరిగేటప్పుడు కూడా కుండీని దూరంగా జరపండి.

వచ్చే పాఠం మొగ్గల మీద: ఒక కొనకి నాలుగు మొగ్గలు వస్తే ఎన్ని ఉంచాలి, ఏది గిల్లాలి. అప్పటిదాకా మీ పని ఇది. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి, మర్నాడు, ఆ మర్నాడు కుండీని రెండు చేతులతో కొంచెం ఎత్తి చూడండి. వారం రోజులు ఇలా ఎత్తితే వేలు పెట్టకుండానే, బరువుని బట్టి ఎప్పుడు నీళ్ళు పోయాలో మీ చేతులకి తెలిసిపోతుంది.