బానెట్ మార్చే ముందు డిక్కీ తెరవండి

కారు బరువు తగ్గించాలని ఫైబర్ బానెట్ (ఇంజిన్ మీది మూత) ఎక్కడ దొరుకుతుందని అడిగే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు డిక్కీ ఖాళీ చెయ్యండి. స్విఫ్ట్ లాంటి బండి డ్రైవర్‌తో కలిపి సుమారు 950 కేజీలు ఉంటుంది, అందులో 40 కేజీలు దించితే ఇంజిన్ ముట్టుకోకుండానే మూడు హార్స్‌పవర్ పెరిగినంత లెక్క. ఆ 40లో చాలావరకు ఊరికే దిగిపోతుంది: సబ్‌వూఫర్ పెట్టె, సంక్రాంతికి వేసి మర్చిపోయిన సామాను, ముందు బిగించిన ఇనుప క్రాష్ గార్డ్. ఆ గార్డ్‌ని కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది, పైగా ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ పనికీ అది అడ్డమే. స్టెప్నీ మాత్రం తియ్యకండి. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుండగా టైరు పోతే ఎవర్ని పిలుస్తారు?

ఇక పార్టులు. అదే మందం తీసుకుంటే ఉక్కు బరువులో అల్యూమినియం మూడో వంతు, కార్బన్ ఫైబర్ ఐదో వంతు. కానీ తక్కువ ధరకి కార్బన్ అని అమ్మేది చాలాసార్లు మామూలు గ్లాస్ ఫైబరే, పైన ఒక్క పొర కార్బన్ గుడ్డ వేసి మెరిపిస్తారు. అందుకే డబ్బులిచ్చే ముందు పాతదీ కొత్తదీ బియ్యం కొట్టు కాటా మీద పెట్టి చూడండి. లారీ కాటాకి తీసుకెళ్లకండి, అది 5, 10 కేజీల మెట్లలో చూపిస్తుంది, మన తేడా అందులో కనపడదు.

బిగించడంలోనే అసలు టెన్షన్. నా మొదటి ఫైబర్ బానెట్‌కి ఫ్యాక్టరీ లాకు ఒక్కటే ఉంచాను, ఎచ్చెర్ల దాటాక హైవే మీద ముందు అంచు తబలాలా కొట్టుకోవడం మొదలైంది, ఇంకాస్త ఉంటే అద్దం మీద పడేదే. రెండు పక్కలా బానెట్ పిన్నులు, అంటే మూతని పైనుంచి పట్టి ఉంచే కొక్కేలు, వేయించండి, వాటి కింద రబ్బరు వాషర్లు పెట్టించండి. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి కార్బన్ తగిలే చోట ఇనుప బోల్టు తొందరగా తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ అయితే మేలు. ఎండకి పసుపెక్కకుండా యూవీ క్లియర్ కోటు, అంటే ఎండ కిరణాల్ని ఆపే పారదర్శక పూత, తప్పనిసరి.

తలుపులు, బంపర్ లోపలి ఇనుప కమ్మీ జోలికి మాత్రం పోవద్దు, గుద్దుకుంటే కాపాడేవి అవే. చక్రాల్లో తేలికవి దొరికితే బానెట్ కంటే అవే నయం, తిరిగే బరువు కాబట్టి పికప్‌లో తేడా తెలుస్తుంది. సైజు పెంచారో, ఉన్న లాభం పోతుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధంగా కంపెనీ ఇచ్చిన రూపం మారిస్తే 5,000 రూపాయల జరిమానా పడొచ్చు, అందుకే అవసరమైతే తిరిగి బిగించడానికి పాత బానెట్ అటక మీద దాచండి. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పండి.

చివరగా పరీక్ష: తెల్లవారుజామున, ఏసీ ఆపి, అదే పెట్రోలు మట్టంతో, మూడో గేర్లో గంటకి 40 కిలోమీటర్ల వేగం నుంచి 80కి ఎన్ని సెకన్లు పట్టిందో మార్చకముందూ మార్చాకా పక్క సీటులోని మనిషితో రాయించండి. ఆ మనిషి రెండుసార్లూ ఒకడే అయ్యుండాలి.