వరసగా ఓడుతున్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టు: ఏ లక్షణానికి ఏది కారణం, ఏం చేయాలి

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక జట్టు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిందంటే ఆ సోమవారం ప్రెస్ మీట్‌లో కోచ్ ఏం చెబుతాడో ముందే చెప్పేయొచ్చు. ప్రాక్టీస్‌లో ఇంటెన్సిటీ చాల్లేదు, లీడర్లు ముందుకు రావాలి, ప్రతి ఒక్కరూ అకౌంటబుల్‌గా ఉండాలి. మూడూ నిజమే అయ్యుండొచ్చు, కానీ మంగళవారం గ్రౌండ్‌లోకి దిగాక ఏం మార్చాలో వాటిలో ఎక్కడా ఉండదు. అందుకే ఇక్కడ కంటికి కనిపించే లక్షణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్దాం. (హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని ఆడే ఫుట్‌బాల్ గురించి చెబుతున్నాను, మెస్సీ ఆడేది కాదు.)

ముందు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం సీజన్‌లో ఆటగాళ్ల మీద కోచ్‌లకు దొరికే టైమ్ వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు గంటలకు మించకూడదు, వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు, మ్యాచ్ రోజు కింద మూడు గంటలు పోతాయి. ఆ మిగిలిన టైమ్‌లోనే వెయిట్స్, వీడియో మీటింగులు, గ్రౌండ్ ప్రాక్టీస్ అన్నీ సర్దుకోవాలి. కాబట్టి "ఇంకా ఎక్కువసేపు చేయిద్దాం" అనే దారి మొదట్లోనే మూసుకుపోయింది.

లక్షణం: మూడో క్వార్టర్ దాకా బాగానే ఆడతారు, ఆ తర్వాత ట్యాకిల్స్ (బంతి పట్టుకున్నవాణ్ని పట్టి కింద పడేయడం) జారిపోతుంటాయి

దీనికి అందరికీ తట్టే మందు ఒకటే, ప్రాక్టీస్‌లో ఒకళ్లనొకళ్లు ఇంకా గట్టిగా గుద్దుకోనివ్వడం. ఆగండి. ముందు వీడియో పెట్టి జారిపోయిన ట్యాకిల్స్ అన్నీ వరసగా చూడండి. డిఫెండర్ బంతి పట్టుకున్నవాడి దాకా చేరి, తల దించేసి చేతులు మాత్రం విసురుతున్నాడా? అది టెక్నిక్ లోపం. అసలు చేరలేకపోతున్నాడా? అయితే కాళ్లలో బలం అయిపోయింది, లేదా వాడు పరిగెత్తడం మానేశాడు. ఆ ఆఖరి రెండిట్లో ఏదో తేల్చాలంటే వాడు అప్పటికి ఎన్ని ప్లేలు (బంతి కదిలినప్పటి నుంచి ఆట ఆగేదాకా ఒక ప్లే) ఆడాడో లెక్కపెట్టండి. డెబ్బై ఎనభై ప్లేలు అవే పదకొండు మంది ఆడుంటే దాన్ని ఇంటెన్సిటీ అనకండి, బెంచ్ మీద ఉన్నవాళ్లను కోచ్ నమ్మకపోవడం అనండి.

టెక్నిక్ లోపమే అయితే డార్ట్‌మత్ కాలేజీ కథ తెలుసుకోవాలి. ఐవీ లీగ్‌లో ఆ జట్టు 2008లో పదికి పదీ ఓడింది, 2009లో రెండే గెలిచింది. అలాంటి జట్టుకు కోచ్‌గా ఉన్న బడీ టీవెన్స్ 2010లో అందరూ అనుకునేదానికి ఎదురు దారి పట్టాడు. ప్రాక్టీస్‌లో మన ఆటగాడు మన ఆటగాణ్ని ట్యాకిల్ చేసి కింద పడెయ్యడం పూర్తిగా ఆపేశాడు. ట్యాక్లింగ్ నేర్పడం మానలేదు, అదంతా ప్యాడ్ల మీద, డమ్మీల మీద చేయించాడు, తర్వాత ఆ కాలేజీ ఇంజినీరింగ్ కుర్రాళ్లే రిమోట్‌తో గ్రౌండంతా పరిగెత్తే డమ్మీ కూడా తయారుచేసిచ్చారు. ఆ ఏడాదే 6-4తో (ఆరు గెలుపులు, నాలుగు ఓటములు) బయటపడ్డారు, 2015లో లీగ్ టైటిల్ పంచుకున్నారు, 2016లో ఐవీ లీగ్ కోచ్‌లందరూ సీజన్ ప్రాక్టీసుల్లో ఫుల్ కాంటాక్ట్ ట్యాక్లింగ్ తీసేయడానికి ఒప్పుకున్నారు. మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్‌లో జాన్ గాలియార్డీ అయితే ఇది దశాబ్దాల ముందే పాటించి, 2012లో రిటైరయ్యేనాటికి 489 మ్యాచ్‌లు గెలిచాడు.

ఇది చెప్పగానే ఎవరో ఒకరు కఠినమైన కోచ్‌గా పేరుపడ్డ బేర్ బ్రయంట్ పేరు ఎత్తుతారు. 1954లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ జట్టును జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్లి, మండుటెండలో, నీళ్లు కూడా సరిగా తాగనివ్వకుండా పది రోజులు ఒళ్లు హూనం చేశాడు, చాలామంది రాత్రికి రాత్రి పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. ఆ సీజన్‌లో జట్టు ఫలితం 1-9. "రెండేళ్లకు ఓటమి లేకుండా చాంపియన్లు అయ్యారు కదా" అంటారు. అయ్యారు, కానీ ఈలోపు కొత్త ఆటగాళ్లు వచ్చారు, 1957లో కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన జాన్ డేవిడ్ క్రో ఆ క్యాంపులో లేనే లేడు. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

కాబట్టి చేయాల్సింది ఇది: రోజూ ప్రాక్టీస్ మొదట్లో పది నిమిషాలు, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే, డమ్మీల మీద అడుగు ఎక్కడ పడాలి, తల ఎటు ఉండాలి, చేతులు ఎక్కడ బిగించాలి అన్నది చేయించండి. డిఫెన్సివ్ లైన్‌లో (ముందు వరస డిఫెండర్లు) కనీసం ఆరేడుగురిని మార్చి మార్చి ఆడించండి. పరిగెత్తడం మానేసినవాళ్ల సంగతికి వస్తే, చాలా జట్లలో బంతివైపు పూర్తి వేగంతో వెళ్లని ప్రతి ప్లేనూ వీడియోలో గుర్తుపెట్టి 'లోఫ్' అని లెక్క రాస్తారు. ఆ లెక్క మీటింగ్ రూమ్ గోడ మీద పెట్టండి, స్టార్టర్ల పేర్లతో సహా. అది పెట్టిన వారం కోచ్ నోరు నొప్పి పుట్టేలా అరవక్కర్లేదు.

లక్షణం: ఫాల్స్ స్టార్ట్‌లు, ఆఫ్‌సైడ్‌లు, ముఖ్యంగా బయటి గ్రౌండ్లలో

ఫాల్స్ స్టార్ట్‌కు, అంటే బంతి కదలకముందే ఆఫెన్స్ ఆటగాడు కదిలితే (డిఫెన్స్‌వాడు ముందే గీత దాటితే ఆఫ్‌సైడ్), ఐదు గజాలు పోతాయి, టీవీలో కామెంటేటర్ "క్రమశిక్షణ లేదు" అనేస్తాడు, కోచ్ ఆ కుర్రాణ్ని పక్కకు లాగి చీవాట్లు పెడతాడు. అసలేం జరిగిందో దగ్గర నుంచి చూడండి. ఎనభై వేల మంది అరుస్తుంటే ఆఫెన్స్‌ను నడిపే క్వార్టర్‌బ్యాక్ గొంతు ముందు వరసలో ఉన్న లైన్ ఆటగాళ్లకు వినపడదు, అందుకని మాట లేకుండా సైగలతో నడిచే సైలెంట్ కౌంట్ వాడతారు. క్వార్టర్‌బ్యాక్ కాలు ఎత్తుతాడు, లైన్‌లో వెనక్కి తిరిగి చూస్తున్న గార్డ్ అది గమనించి పక్కనే బంతి పట్టుకున్న సెంటర్‌ను తడతాడు, సెంటర్ తల ఒకసారి ఊపి బంతి వదులుతాడు. వరస చివర నిలబడ్డ ట్యాకిల్‌కు (ఆ స్థానంలో ఆడేవాడి పేరు కూడా అదే) ఇదేమీ వినపడదు, ఓరకంట బంతి కదలడం చూసి లేవాలి, అంటే ఎదుటివాడి కంటే రెప్పపాటు ఆలస్యం. ఎదురుగా ఉన్న ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే డిఫెండర్) రెండుసార్లు దాటిపోయాక, మూడోసారి ట్యాకిల్ ముందే ఊహించి లేస్తాడు. రిఫరీ జెండా పడుతుంది. వాడికి పొగరూ లేదు, బద్ధకమూ లేదు. నిశ్శబ్దంగా ఉన్న గ్రౌండ్‌లో వారమంతా ప్రాక్టీస్ చేయించి శనివారం ఆ గోలలోకి తోశారు, అంతే.

పరిష్కారం పెద్ద కష్టమేం కాదు. స్పీకర్లలో గోల మంగళవారం నుంచే పెట్టండి, మొక్కుబడిగా గురువారం పావుగంట కాదు. సెంటర్ తల ఒకసారి ఊపాక బంతి వదలడం, రెండుసార్లు ఊపాక వదలడం మార్చుతూ ఉండండి, అప్పుడు ఎదుటివాడు టైమింగ్ పట్టుకోలేడు. ప్రాక్టీస్‌కు విజిల్, జెండాతో రిఫరీలను రప్పించండి. జెండా పడితే నిజంగానే ఐదు గజాలు వెనక్కి జరిపి ఆ ప్లే అక్కడి నుంచే ఆడించండి. "సర్లే, నెక్స్ట్" అన్న అసిస్టెంట్ కోచ్‌ను హెడ్ కోచ్ అక్కడే ఆపాలి, ఎందుకంటే అకౌంటబిలిటీ పోవడం మొదలయ్యేది ఆ "సర్లే" దగ్గరే.

లక్షణం: బుధవారం అదరగొడతారు, శనివారం తేలిపోతారు

ఎక్కువసార్లు కారణం స్కౌట్ టీమ్. వచ్చే వారం ప్రత్యర్థి ఆడే ప్లేలను కార్డు మీద చూసి నటించేది మొదటి ఏడాది ఫ్రెష్‌మెన్, స్కాలర్‌షిప్ లేకుండా చేరిన వాక్-ఆన్ కుర్రాళ్లు. వాళ్ల వేగం మీద గెలిచి మన మొదటి జట్టు పొంగిపోతుంది. ప్రాక్టీస్ మొదట్లో రెండు మూడు పీరియడ్లు మొదటి ఆఫెన్స్‌కు మొదటి డిఫెన్స్‌నే ఎదురుపెట్టండి, కింద పడేయకుండా 'థడ్' వేగంలో చాలు. స్కౌట్ టీమ్‌లో బాగా చేసినవాడికి స్పెషల్ టీమ్స్‌లో (కిక్‌ల సమయంలో దిగే జట్టు) ఒక చోటు ఇవ్వండి, లేకపోతే అక్టోబరు కల్లా వాళ్లు కాళ్లీడ్చుకుంటూ తిరుగుతారు.

లక్షణం: కెప్టెన్లు నలుగురున్నారు, మాట్లాడేవాడు ఒక్కడూ లేడు

ఇక్కడ కోచ్‌లు చేసే తప్పు, లీడర్‌షిప్ లేదని పబ్లిగ్గా అనడం. అన్నాక కుర్రాళ్లు మొహాలు చూసుకుంటారు, మర్నాడు ఒకడు బలవంతాన నాలుగు కేకలేస్తాడు, మిగతావాళ్లు నవ్వుకుంటారు.

కారణాలు రెండు. మొదటిది, కెప్టెన్లకు టాస్ వేయడానికి వెళ్లడం తప్ప అధికారం ఏమీ లేదు. నెబ్రాస్కాలో టామ్ ఓస్బోర్న్ 1990లలో ఆటగాళ్లతో యూనిటీ కౌన్సిల్ అని పెట్టి, అన్ని పొజిషన్ల నుంచి మనుషుల్ని తీసుకుని, జట్టు నియమాలు, వాటికి శిక్షలు వాళ్ల చేతే చూయించాడు. ఆ దశాబ్దంలో 1994, 1995 చాంపియన్‌షిప్‌లు వాళ్లవే, 1997ది మిషిగన్‌తో పంచుకున్నారు. అదంతా కౌన్సిల్ గొప్పే అనను, ఆ జట్ల నిండా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లినవాళ్లే, కానీ కోచ్ చెవిన పడకముందే సగం తగాదాలు లోపలే తీరిపోయే ఏర్పాటు అది.

రెండోది ఈ కాలానిది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే చోటు) వచ్చింది, 2021 నుంచి ఒకసారి మారితే ఆడకుండా ఏడాది కూర్చోవాల్సిన పని లేదు, 2024 నుంచి ఎన్నిసార్లైనా మారొచ్చు. జట్టులో సగం మందికి మిగతా సగం పేర్లే సరిగా తెలియనప్పుడు ఎవరు ఎవర్ని నిలదీస్తారు? దీనికి పోర్టల్‌లోనే మందు ఉంది. కోచ్ కర్ట్ సిగ్నెటీ ఇండియానాకు వెళ్లినప్పుడు తన పాత జేమ్స్ మాడిసన్ జట్టు నుంచి పదిమందికి పైగా వెంట తెచ్చుకున్నాడు. ప్రాక్టీస్ ఎలా ఉండాలో కొత్తవాళ్లకు ఆయన చెప్పనక్కర్లేకపోయింది, పక్కవాడు చేసి చూపించాడు. 2023లో 3-9 ఉన్న జట్టు 2024లో 11-2 అయింది. 2024లో వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన డియేగో పావియా కూడా న్యూ మెక్సికో స్టేట్ నుంచి వచ్చినవాడే, ఆ అక్టోబరులో నంబర్ వన్ అలబామాను 40-35తో ఓడించారు. అంటే పోర్టల్‌లో చూడాల్సింది వేగం, ఎత్తు మాత్రమే కాదు, వాడు గెలిచే జట్టులో ప్రాక్టీస్ చేసి వచ్చాడా అని కూడా.

లక్షణం: రూల్స్ అందరికీ ఒకటే అంటారు, కానీ...

అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో. స్టార్ రిసీవర్ మీటింగ్‌కు ఆలస్యంగా వస్తే ఎవరూ చూడనట్టే ఉంటారు, వాక్-ఆన్ వస్తే మెట్లు ఎక్కించి దిగిస్తారు. కోచ్ భయం అర్థం చేసుకోదగ్గదే, 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి, కోపం వస్తే సీజన్ అయ్యాక పక్క యూనివర్సిటీకి వెళ్లిపోతాడు. కానీ లాకర్ రూమ్‌లో వందమంది ఇది రోజూ చూస్తున్నారు.

రూల్స్ నాలుగైదుకు తగ్గించండి. ప్రతిదానికీ శిక్ష ఆగస్టులోనే రాసిపెట్టండి, తప్పు చేసినవాడి మొహం చూశాక నిర్ణయించకూడదు. శిక్ష ఆట సమయంలోంచే కోయండి, మీటింగ్ ఎగ్గొడితే మొదటి సిరీస్ (బంతి మొదటిసారి ఒక జట్టు చేతిలో ఉన్నంతసేపు) బెంచ్ మీద, అంతే, ఉపన్యాసం అక్కర్లేదు. ఆదివారం వీడియో మీటింగ్‌లో ముందు కోచ్ తన తప్పులు పెట్టాలి: ఇక్కడ టైమ్‌అవుట్ నేను వృథా చేశాను, ఈ మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) తప్పు ప్లే ఎంచింది నేను. ఆ పది నిమిషాల తర్వాత కుర్రాళ్ల తప్పులు చూపిస్తే వినే తీరే వేరు.

లక్షణం: శిక్షగా పరుగులు, వాంతులు, దెబ్బలు దాచుకోవడం

దీనికి డయాగ్నోసిస్ అక్కర్లేదు, ఆపేయండి. 2018 మే 29న మేరీల్యాండ్ యూనివర్సిటీలో వర్కౌట్ పరుగుల్లో కుప్పకూలిన 19 ఏళ్ల జోర్డన్ మెక్‌నెయిర్ వడదెబ్బతో జూన్ 13న చనిపోయాడు. చల్లటి నీళ్ల టబ్‌లో ముంచాల్సినవాణ్ని ముంచలేదని విచారణలో తేలింది, అక్టోబరు 31న హెడ్ కోచ్ ఉద్యోగం పోయింది. ఎండలో ప్రాక్టీస్ అంటే ఐసు నీళ్ల టబ్ గ్రౌండ్ పక్కనే సిద్ధంగా ఉండాలి, కుర్రాడు తూలుతున్నాడంటే ముందు నీళ్లలో చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి. ప్రాక్టీస్ ఆపే అధికారం గాయాలు, ఆరోగ్యం చూసుకునే ట్రైనర్‌కు ఉండాలి, ఆ ట్రైనర్ ఉద్యోగం కోచ్ చేతిలో ఉండకూడదు. 2021లో ఎన్‌సీఏఏ కూడా సీజన్‌కు ముందు జరిగే ఒక ప్రాక్టీస్‌లో ఫుల్ కాంటాక్ట్ 75 నిమిషాలు దాటకూడదంది, ఇద్దరిని ఎదురెదురుగా గుద్దుకోనిచ్చే ఓక్లహోమా డ్రిల్ లాంటివి తీసేసింది. మీ అబ్బాయి కాలేజీలోనో హైస్కూల్‌లోనో ఆడుతుంటే, డల్లాస్‌లో అయినా ఫీనిక్స్‌లో అయినా, టబ్ ఎక్కడుందో చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

లక్షణం: "కోచ్‌ను పీకేస్తే గానీ బాగుపడదు"

కావచ్చు. కానీ ఖర్చు చూసుకోండి, 2023 నవంబరులో జింబో ఫిషర్‌ను పంపించడానికి టెక్సాస్ ఏ అండ్ ఎమ్ 7.5 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకోవాల్సి వచ్చింది. స్కోర్‌బోర్డు ఒక్కటే చూస్తే పొరపాటు పడతారు కూడా. 27 మ్యాచ్‌లుగా గెలుపే లేని కాన్సాస్ స్టేట్‌ను 1989లో తీసుకున్న బిల్ స్నైడర్ మొదటి ఏడాది 1-10, తర్వాత 5-6, ఆపైన 7-4. మన తెలుగు విద్యార్థులు బోలెడుమంది ఉండే అరిజోనా స్టేట్ 2023లో 3-9, మరుసటి ఏడాది అదే కోచ్ కెన్నీ డిలింగ్‌హామ్ కింద 11-3, బిగ్ 12 లీగ్ చాంపియన్. ఫ్లోరిడా స్టేట్ కథ దీనికి తలకిందులు, ఒకే కోచ్ కింద 2023లో 13-1, 2024లో 2-10.

అందుకని నిర్ణయానికి ముందు నవంబరు వీడియో, సెప్టెంబరు వీడియో పక్కపక్కన పెట్టండి. లోఫ్‌లు తగ్గాయా, స్నాప్‌కు (సెంటర్ బంతి వదలడానికి) ముందు పడే జెండాలు తగ్గాయా, స్కౌట్ టీమ్ ఇంకా పరిగెత్తుతోందా, గాయాలు చెప్పుకుంటున్నారా. ఇవి మెరుగుపడుతూ ఓడుతుంటే ఇంకో ఏడాది ఇవ్వండి, కావాలంటే ఆఫెన్స్‌నో డిఫెన్స్‌నో చూసే కోఆర్డినేటర్‌ను మార్చండి. ఇవే దిగజారుతుంటే, మధ్యలో రెండు మ్యాచ్‌లు గెలిచినా సరే, కొత్త కోచ్ కోసం ఫోన్లు మొదలుపెట్టండి.