యూఎస్‌బీ పరికరం పనిచేయడం లేదా? తప్పు డ్రైవర్‌దో, హార్డ్‌వేర్‌దో తేల్చుకోవడం ఎలా?

ప్రింటరో, పెన్‌డ్రైవో, వేలిముద్ర స్కానరో పెట్టగానే "యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్" అని వస్తే, చాలామంది ముందు డ్రైవర్ (ఆ పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాం) కోసం నెట్‌లో వెతుకుతారు. అలా వెతికితే ఎదురయ్యే "డ్రైవర్ అప్‌డేటర్" ప్రోగ్రాములతో కొత్త తలనొప్పే ఎక్కువ. కాస్త ఆగండి.

యూఎస్‌బీ పరికరాన్ని పెట్టగానే కంప్యూటర్ దాన్ని "నువ్వెవరు?" అని అడుగుతుంది. అది తన తయారీదారు నంబరు, మోడల్ నంబరు చెప్తుంది. వాటిని బట్టే విండోస్ డ్రైవర్‌ను ఎంచుకుంటుంది. కనుక తానెవరో చెప్పలేని పరికరానికి ఎన్ని డ్రైవర్లు వేసినా దండగే. ముందు తేల్చాల్సింది అది మాట్లాడుతోందా లేదా అన్నదే.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తు ఉన్న పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే జనరల్ ట్యాబ్‌లో ఎర్రర్ కోడ్ కనిపిస్తుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో "హార్డ్‌వేర్ ఐడీస్" ఎంచుకోండి. వీఐడీ (తయారీదారు నంబరు) పక్కన సరైన నంబరు ఉండి కోడ్ 28 వస్తే లేనిది డ్రైవరే. తయారీదారు సైట్ నుంచే తెచ్చి వేస్తే సరిపోతుంది. వీఐడీ 0000 అని, "డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని, కోడ్ 43 అని ఉంటే మాత్రం అనుమానం కేబుల్, పోర్టు, పరికరం మీదకు మళ్లాలి.

ముందు కేబుల్ మార్చండి. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి: రెండు కరెంటుకి, రెండు డేటాకి. చార్జింగ్ కోసమే చేసిన కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. డేటా తీగ లోపల తెగినా ఇదే పరిస్థితి. అందుకే లైట్ వెలిగినంత మాత్రాన కేబుల్ బాగున్నట్టు కాదు. ఫోన్ నుంచి ఫొటోలు కాపీ అయిన కేబుల్ దొరికితే దాంతో చూడండి. హబ్, ఎక్స్‌టెన్షన్ ఉంటే తీసేయండి.

తర్వాత పోర్టు. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టులో పెట్టండి. అవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి, ముందువి లోపల ఇంకో చిన్న కేబుల్ ద్వారా కలుస్తాయి. టార్చ్ వేసి దుమ్ము, వంగిన పిన్నులు ఉన్నాయేమో చూడండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టిక్ టిక్ మంటూ వచ్చి పోతుంటే కరెంటు చాలడం లేదేమో. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900.

ఒకసారి రీస్టార్ట్ కూడా చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్‌లో పూర్తిగా ఆగదు.

ఇక అసలు పరీక్ష ఇంకో కంప్యూటర్. కానీ పరికరం వేడెక్కినా, "పవర్ సర్జ్" మెసేజ్ వచ్చినా దాన్ని ఎక్కడా పెట్టొద్దు, రెండో పోర్టు కూడా పోవచ్చు. అలాంటిదేమీ లేకుండా, మంచి కేబుల్‌తో అక్కడా ఇదే ఎర్రర్ వస్తే పరికరం పోయినట్టే. అక్కడ పనిచేస్తే మీ కంప్యూటర్‌నే లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే, విండోస్ లాంటి మరో సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అదే పోర్టులో ఆ పరికరం పెట్టండి. లినక్స్‌లోనూ గుర్తుపట్టకపోతే మీ పోర్టు మీదే అనుమానం. గుర్తుపడితే గొడవ విండోస్‌లో ఉన్నట్టు. అప్పుడు డివైస్ మేనేజర్‌లో "అన్‌ఇన్‌స్టాల్ డివైస్" నొక్కి, పరికరం తీసి, రీస్టార్ట్ చేసి మళ్లీ పెట్టండి.

పెన్‌డ్రైవ్‌ది ఇంకో రకం. పేరు కనిపిస్తుంది, కానీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "నో మీడియా" అని ఉంటుంది. అంటే అందులోని కంట్రోలర్ (పెన్‌డ్రైవ్‌ను నడిపించే చిప్) మాట్లాడుతోంది గానీ మెమరీ చిప్ అందడం లేదు. దానికి డ్రైవర్‌తో పనిలేదు. ఫైళ్లు ముఖ్యమైతే రిపేర్ టూల్స్ ఏవీ నడపకుండా డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి. అక్కర్లేకపోతే, వారంటీ ఉందేమో చూసి మార్పించుకోండి.