మే నెల బెజవాడలో చిన్నపిల్లలతో బయట గడపాలంటే

ముందు గడియారం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మన దగ్గర వేసవిలో పిల్లలతో బయట ఏం చేయాలన్నది ఎండ నిర్ణయిస్తుంది, మనం కాదు. ఏప్రిల్ చివర్లో బడి మూసిన దగ్గర్నుంచి జూన్‌లో మళ్లీ తెరిచేదాకా, అందులోనూ మే నెలంతా, బెజవాడలో గానీ గుంటూరులో గానీ రెండేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లల్ని హాయిగా బయట తిప్పగలిగేది రోజుకి నాలుగు గంటలే. పొద్దున అయిదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు, అప్పుడు బయల్దేరితే ఎనిమిదికి ఇంట్లో ఉండాలి. సాయంత్రం మళ్లీ ఆరింటికి కదిలితే ఏడున్నర దాకా. పదకొండు నుంచి నాలుగు మధ్యలో మాత్రం గుమ్మం దాటించొద్దు, టోపీ పెట్టాం కదా, గొడుగుంది కదా అని కూడా వద్దు.

సాయంత్రం ఎక్కడికి వెళ్తున్నారో కూడా చూసుకోండి. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల పక్కన రాయి పగలంతా పీల్చుకున్న వేడిని పొద్దుగూకాక బయటికి వదులుతుంది, అక్కడ ఏడింటికి కూడా సెగ తగులుతూనే ఉంటుంది. కొండ పక్కకి పొద్దున వెళ్లండి, సాయంత్రం మాత్రం గాలి ఆడే చోటికి, నది వైపో, ఖాళీ మైదానానికో, లేదా మేడ మీదికే.

"అయిదింటికి మా పిల్లలు లేవరండీ" అంటారా? రాత్రి పదకొండు దాకా టీవీ నడుస్తుంటే ఎవరూ లేవరు, మనమూ లేవం. మధ్యాహ్నం భోజనం కాగానే గది చీకటి చేసి గంటన్నర పడుకోబెట్టి, రాత్రి తొమ్మిదికి లైట్లు ఆర్పేస్తే నాలుగైదు రోజుల్లో అలవాటవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకా సులువు. తాతగారు ఎలాగూ అయిదింటికి లేచి కూర్చుంటారు, పిల్లల్ని ఆయనకి అప్పజెప్పి మీరు కాఫీ తాగి వెనకే వెళ్లొచ్చు.

ఇక ఎక్కడికి తీసుకెళ్లాలి అని లిస్టులు వెతక్కండి. నా లెక్క ప్రకారం ఇంటి నుంచి పిల్లలు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక్క చెట్టు చాలు. వేపో, కానుగో, తురాయో, కాలనీ పార్కులోదైనా పర్లేదు, కాలువ గట్టు మీదిదైనా పర్లేదు. ప్రతి రోజూ అదే చెట్టు దగ్గరికి వెళ్లండి. కొత్త చోటికి తీసుకెళ్తే పిల్లలు ఊరికే అటూ ఇటూ పరిగెడతారు, తెలిసిన చోటికి నాలుగోసారో అయిదోసారో వెళ్లినప్పుడే నిన్న లేనిది ఇవాళ ఏముందో వాళ్ల కంటపడుతుంది. వేపకి ఉగాది నాటి పూత పోయి పచ్చటి కాయలుంటాయి, జూన్ వచ్చేసరికి అవి పసుపు పచ్చగా పండి పిట్టలు వాలడం మొదలవుతుంది. మే మొదట్లో మొగ్గలు ఎక్కువగా ఉన్న తురాయి కొమ్మ కొద్ది రోజుల్లోనే ఎర్రబడిపోతుంది. ఇది చెప్తే పిల్లలకి ఎక్కదు, వాళ్లే చూసి మీకు చెప్పాలి.

అన్నిటికంటే కష్టమైన పని మనం నోరు మూసుకోవడం. పిల్ల ఏదో పురుగుని చూస్తూ ఉంటుంది, మనం వెంటనే మొదలుపెడతాం, ఇదేంటి చెప్పు, రంగేంటి, ఇంగ్లీషులో ఏమంటారు, ఎన్ని కాళ్లున్నాయి లెక్కపెట్టు అని. బడి సెలవులిచ్చింది, మనం మాత్రం పరీక్షలు పెడుతూనే ఉంటాం. కాసేపు పక్కన గొంతుక్కూర్చుని వాళ్లు చూస్తున్నదాన్నే మీరూ చూడండి. చీమల బారు దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోతే ఆ రోజు వాకింగ్ అక్కడికి సరి, "పద పద, ఇంకా చెట్టు దాకా వెళ్లాలి" అని లాక్కెళ్లడంలో అర్థం లేదు. ఏదైనా అడిగితే తెలిసింది చెప్పండి, తెలీకపోతే "నాకూ తెలీదమ్మా, రేపు కూడా వచ్చి చూద్దాం" అనండి. ఫోన్ సైలెంట్‌లో, సంచిలో. ఫోటో తీయాలనిపిస్తే ఇంటికి బయల్దేరేటప్పుడు ఒకటి. మొదట్లోనే తీస్తే పిల్లలు పోజులివ్వడం మొదలుపెడతారు, ఇక పురుగు గిరుగు అన్నీ మర్చిపోతారు.

చెట్టు కింద ఏం చేయాలో తోచకపోతే చెవుల ఆట ఆడించండి. కళ్లు మూసుకుని, వినిపించిన ప్రతి చప్పుడుకీ ఒక వేలు మడవాలి. మూడేళ్ల పిల్లలకి అర నిమిషం చాలు, ఆరేళ్లవాళ్లు రెండు నిమిషాలు కూర్చుంటారు. ఆటో, పాలబండి, ఎవరింట్లోదో కుక్కర్ విజిల్, అన్నీ లెక్కే, పిట్టలే వినాలని పట్టు పట్టకండి. మే నెలలో ఎలాగూ కోయిల తప్పకుండా వినిపిస్తుంది. కూ కూ అని గొంతు పెంచుకుంటూ పోయేది నల్లటి మగ కోయిల. ఆడది గోధుమ రంగులో చుక్కలతో ఉంటుంది, దాని అరుపు కిక్ కిక్ కిక్ అని గబగబా ఉంటుంది. ఆడ కోయిల కాకి గూట్లో గుడ్లు పెడుతుంది కాబట్టి ఈ రోజుల్లో కాకులు కోయిలల్ని తరుముతూ కనిపిస్తాయి, ఆ కథ తెలిసిన పిల్లలు ఇక ప్రతి కాకి వెనకా చూపు పెడతారు.

తురాయి చెట్టు దొరికితే మనం చిన్నప్పుడు ఆడిన కోడిపందెం నేర్పండి. రాలిన పువ్వులోంచి కేసరాలు తీసి, ఇద్దరూ చెరొకటి పట్టుకుని తలకాయలు మెలేసి లాగాలి, ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టు. మొగ్గ పైన ఉండే పచ్చటి రేకులు ఒలిచి గోళ్లకి అంటించుకోవడం కూడా. రాలినవే ఏరమనండి, కొమ్మలు వంచొద్దు.

ఆదివారం కొంచెం దూరం వెళ్లాలనిపిస్తే పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదికి. 1957లో కట్టడం పూర్తయిన ఈ బ్యారేజీకి 70 గేట్లు, పొడవు కిలోమీటరు పైనే, చిన్నపిల్లలకి మొత్తం నడవడం ఎక్కువ, వంద అడుగులు వేసి ఆగండి. చూపించాల్సింది రెండు పక్కలా ఉన్న తేడా. ఎగువన నిండా నీళ్లు, దిగువన వేసవిలో ఇసుక తిన్నెలు, మధ్య మధ్య మడుగులు. ఒకే నది, ఒక పక్క అలా, ఇంకో పక్క ఇలా ఎందుకుందో అయిదేళ్ల పిల్లలు సొంతంగానే ఊహించగలరు, గేట్లు చూశాక. మడుగుల దగ్గర కొంగలు నిలబడి ఉంటాయి, నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి, ఓపిక పడితే లకుముకి పిట్ట నీళ్లలోకి దూకడం చూడొచ్చు. పుట్టి మీద చేపలవాళ్లు వల సర్దుకుంటూ కనిపిస్తే పిల్లలు ఇక అక్కడి నుంచి కదలరు. బండ్లు తిరిగే రోడ్డు కాబట్టి చెయ్యి మాత్రం వదలొద్దు.

నీళ్ల విషయంలో నేను చాలా కచ్చితం. ఘాట్ మెట్ల మీద పాచి ఉంటుంది, రెండు మెట్లు దాటితే లోతు ఎంతో పైకి తెలీదు, దిగువ ఇసుకలో గుంటలు ఉంటాయి. కాళ్లు తడుపుకుంటామన్నా చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్లు ఉండాల్సిందే, "అక్కడే కదా ఉంది" అనుకుని ఫోన్ చూసుకుంటూ మెట్ల మీద కూర్చోవద్దు. ఇంట్లో బకెట్ కూడా అంతే, జానెడు నీళ్లున్నా రెండేళ్ల పిల్లలు తలకిందులుగా పడితే లేవలేరు.

గుంటూరు వాళ్లకి ఊరి పక్కనే ఉప్పలపాడు ఉంది. పల్లెటూరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులూ కొంగలూ కిక్కిరిసి ఉంటాయి. చలికాలంలో ఉన్నన్ని వేసవిలో ఉండవు, అయినా పిల్లలకి ఉన్నవే ఎక్కువ. వాసన వస్తుందని పిల్లలు ముక్కు మూసుకుంటారు, మూసుకోనివ్వండి, అన్ని పిట్టలున్న చోట వాసన రాకుండా ఎలా ఉంటుంది. బాపట్ల దాటి సూర్యలంక వెళ్తే సముద్రమే, కానీ పొద్దున ఏడుకల్లా ఇసుక మీద ఉండేలా బయల్దేరగలిగితేనే. మేలో కొండపల్లి కోటకి, ఉండవల్లి గుహలకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లమని మాత్రం నేను చెప్పను, తొమ్మిదికే రాయి కాలుతుంది. డిసెంబర్‌లో వెళ్లొచ్చు.

మధ్యాహ్నాలు ఇంట్లో ఉన్నంత మాత్రాన ప్రకృతి బయటే ఆగిపోదు. మల్లెల కాలం కదా, మైలవరం వైపు తోటల నుంచి వచ్చే మొగ్గలు పొద్దున కొన్ని తీసుకుని ఒక పళ్లెంలో తడిగుడ్డ మీద పెట్టి ఉంచండి. నాలుగింటికి ఒకసారి, అయిదింటికి ఒకసారి, చీకటి పడేవేళ ఒకసారి పిల్లల్ని వెళ్లి చూసి రమ్మనండి. మూసుకున్న మొగ్గ ఏ వేళకి విచ్చుకుందో, వాసన ఎప్పుడు మొదలైందో వాళ్లే కనిపెడతారు. నాకు తెలిసి రూపాయి ఖర్చు లేకుండా పిల్లలకి ఓపిక నేర్పే పని ఇంతకంటే లేదు, పైగా చివర్లో మాల కట్టుకోవచ్చు.

తాటి ముంజలు రోడ్డు పక్కన గెలల్లో కొట్టి ఇచ్చే దగ్గర కొనండి, ఒలిచి కవర్లో పెట్టినవి కాదు. కాయలో మూడు కళ్లు ఎలా ఉంటాయో, బొటనవేలితో ముంజ ఎలా తోడుకుని తినాలో చూపించి, రెండు ఖాళీ కాయలు ఇంటికి తెచ్చుకోండి. మధ్యలో ఒక పుల్ల గుచ్చి రెంటినీ కలిపి, పంగలకర్రతో నెడితే బండి. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో కూడా బ్రహ్మాండంగా నడుస్తుంది, కింది ఫ్లోర్ వాళ్లు ఏమంటారో అది వేరే సంగతి.

బాల్కనీలో మట్టి మూకుడు పెట్టి పిట్టలకి నీళ్లు పోయడం పిల్లల డ్యూటీ. లోతు తక్కువుండాలి, మధ్యలో ఒక రాయి వేస్తే తేనెటీగలు కూడా దాని మీద వాలి తాగుతాయి, మునిగిపోవు. రోజూ పాత నీళ్లు మొక్కలకి పోసి కొత్తవి పట్టాలి, లేదంటే దోమలు గుడ్లు పెడతాయి. మొదటి వారం ఒక్క పిట్టా రాకపోవచ్చు. మూకుడు చోటు మార్చకుండా ఉంచితే కాకి ముందు వస్తుంది, ఆ తర్వాత గోరింకలు.

ఎండ సంగతి ఒక్కసారి సూటిగా. చిన్నపిల్లల ఒళ్లు మన ఒంటికంటే తొందరగా వేడెక్కుతుంది, ఆటలో పడితే దాహం కూడా అడగరు. బయల్దేరేముందు నీళ్లో మజ్జిగో తాగించి, బయట పావుగంటకోసారి రెండు గుక్కలు పట్టించండి. ఒంటేలు ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదని. తలనొప్పి అన్నా, వాంతి అయినా, నీరసంగా వాలిపోయినా వెంటనే నీడకి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా పట్టించాలి. లీటరు నీళ్లకి అని రాసున్న ప్యాకెట్ లీటరులోనే కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ వేసేయడం ప్రమాదం. ఒళ్లు కాలిపోతూ, మగతగా ఉండి, పిలిస్తే సరిగా పలక్కపోతే అది వడదెబ్బ, 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు బట్టలు వదులు చేసి నీళ్లతో తడుపుతూ విసరండి, మగతలో ఉన్న పిల్లల నోట్లో మాత్రం నీళ్లు పోయకండి. పార్కులో జారుడుబల్ల ఎక్కించే ముందు మీ చెయ్యి ఆనించి చూడండి. కారులో ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, ఏసీ ఆన్‌లో ఉన్నా సరే.

రాత్రి మేడ మీద చాప వేసుకునే వీలుంటే అదే మొత్తం వేసవికి పెద్ద పండగ. సాయంత్రమే రెండు బకెట్లు నీళ్లు చల్లితే గచ్చు చల్లబడుతుంది. మేలో ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలకి ఉత్తరం వైపు పైన సప్తర్షులు కనిపిస్తారు. ఆ తోక వంపు వెంట చూపు పోనిస్తే తూర్పు వైపు ఎత్తులో నారింజ రంగులో మెరిసేది స్వాతి, అదే వంపులో ఇంకా దక్షిణానికి వెళ్తే తెల్లగా చిత్త. ఊళ్లో లైట్ల మధ్య కూడా ఈ రెండు చుక్కలూ కనిపిస్తాయి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, "రోహిణి చుక్క చూపించు" అని పిల్లలు అడుగుతారు. అప్పుడు కనిపించదు. సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడనే ఆ కార్తెకి ఆ పేరు, పగటి వెలుగులో దాన్ని చూడలేం. కొన్ని నెలలు ఆగితే చలికాలంలో సాయంత్రాలు ఎర్రగా కనిపిస్తుంది.

మధ్యలో ఏదో ఒక సాయంత్రం గాలివాన వస్తుంది. ఉరుము వినిపించగానే అందరూ లోపలికి, చెట్టు కింద అస్సలు వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి అప్పుడు బయటికి రండి, మీ చెట్టు కింద ఏం రాలాయో చూడ్డానికి. ఇక బడి తెరిచాక, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె. తొలి వానలు పడి నేల నానితే ఊరి బయట ఖాళీ స్థలాల్లో, పొలం గట్ల మీద ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఆ ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లండి. అరచేతిలో కాసేపు పాకనిచ్చి, ఎక్కడ తీశారో అక్కడే వదిలేయమనండి. అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తెస్తామని ఏడుస్తారు, ఒప్పుకోవద్దు, ఇంటికొస్తే ఎక్కువ రోజులు బతకవు. వచ్చాక చేతులు సబ్బుతో కడిగించండి.