కడలెకాయి పరిషెకు వెళ్లేవారికి
బెంగళూరు బసవనగుడిలో కార్తీకమాసపు చివరి సోమవారం జరిగే కడలెకాయి పరిషెకు, అంటే వేరుశెనగకాయల తిరునాళ్లకు, మెట్రోలో వచ్చి నేషనల్ కాలేజీ స్టేషనులో దిగి నడవడమే మేలు. ముందుగా అక్కడి గుడిలో దొడ్డ బసవన్నను, అంటే పెద్ద నంది విగ్రహాన్ని, దర్శించండి. ఒకప్పుడు ఈ ప్రాంతం సుంకేనహళ్లి అనే పల్లె. చేలో కాయలు మేసిపోతున్న ఎద్దును శాంతింపజేయడానికి రైతులు తొలిపంటను అర్పించసాగారనీ, ఆ గుడిని 1537లో బెంగళూరు నగర నిర్మాత కెంపేగౌడ కట్టించాడనీ చెబుతారు.

ఉడకబెట్టుకోవడానికైతే, చెవి దగ్గర ఊపినా గలగలమనని పచ్చికాయలనే ఎంచుకొని, ఒకటి ఒలిచి గింజ నిండుగా ఉన్నదో లేదో చూసిన తరువాతే బేరమాడండి. ఆంధ్ర రైతులు కూడా వస్తారు కనుక, “శెనక్కాయలు ఎట్లా ఇస్తారన్నా?” అని తెలుగులోనే అడగవచ్చు, ధర తగ్గుతుందన్న హామీ మాత్రం లేదు. గుడ్డసంచి వెంట తీసుకువెళ్లండి.